మడి దండెం

మా అత్తయ్యగారి మడి దండెం గురించి చెప్పకుండా తేనెపిట్ట సంగతి చెప్పలేను.

పెదవాల్తేరులో మాది పాత డాబా ఇల్లు. కరకచెట్టు పోలమాంబ గుడికి నడిచి వెళ్ళేంత దూరం. వెనక వసారాలో, తలెత్తితే గానీ కనిపించనంత ఎత్తున, ఈ గోడ కొక్కెం నుంచి ఆ గోడ కొక్కేనికి ఒక నైలాను తాడు ఉండేది. అంతకుముందు ఇనప తీగ ఉండేదట. సముద్రపు ఉప్పుగాలికి ఏడాది తిరగకుండానే తుప్పు పట్టి చీరల మీద ఎర్రటి గీతలు పడుతుంటే తాడుకు మార్చారు. ఆ తాడు మీద బట్ట ఆరేసే హక్కు లోకంలో ఒక్క మనిషికే. ఆవిడైనా చేత్తో కాదు, వెదురు కర్రతో. పిండిన చీర మడతను కర్ర కొసన ఎత్తి తాడు మీదికి విసిరి, మళ్ళీ కర్రతోనే అటూ ఇటూ లాగి సర్దేవారు. డెబ్బై రెండేళ్ళ వయసులోనూ ఆ విసురు గురి తప్పడం నేను చూడలేదు.

నేను కాపురానికి వచ్చింది 1996లో. వచ్చిన నెలలోనే ఒకరోజు గాలికి జారిపోతున్న చీరను పట్టుకుని తాడు మీద సరిగ్గా వేశాను. సాయం చేశాననే అనుకున్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ చీర తీసి మళ్ళీ తడిపి, జాడించి, పిండి, ఆరేసి, అది ఆరేదాకా నూతి గట్టు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం రెండున్నరదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. తర్వాత పంతొమ్మిదేళ్ళు నేను ఆ తాడు కింద నుంచి తల వంచుకునే నడిచాను. అంత ఎత్తున ఉన్న తాడు నా తలకు ఎలాగూ తగలదు. అయినా సరే.

ఆ తాడుకు 2015 మార్చిలో ఒక పిట్ట గూడు కట్టింది.

దానికి ముందు తుపాను ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్ళకు ఆ తేదీని ఎవరూ గుర్తు చేయక్కరలేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లో చదివాం. ఆ రోజు మాకు తెలిసింది చప్పుడొక్కటే. రైలు ఇంటి మీదికి వస్తున్నట్టు, వచ్చి ఎంతకీ దాటిపోనట్టు. తలుపుకు బీరువా అడ్డం పెట్టి నలుగురం నడిమి గదిలో కూర్చున్నాం. మధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గండం గడిచిందని మావారు బీరువా జరపబోతే అత్తయ్యగారు, "ఆగరా, అది ఊపిరి తీసుకుంటోంది" అన్నారు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి మొదలైంది. తుపాను కన్ను నెత్తి మీదుగా దాటేటప్పుడు అలాగే జరుగుతుంది. మొదటి విడతకు వేళ్ళు కదిలి ఎలాగో నిలబడ్డ చెట్లను రెండో విడత ఎదుటి వైపు నుంచి తోసేసింది.

హుద్‌హుద్ అన్నది పక్షి పేరు. అరబ్బీ మాట. మన సముద్రాల తుపానుల జాబితాకు ఒమన్ దేశం ఇచ్చిన పేరది. ఊళ్ళో పిట్టకు కొమ్మన్నది లేకుండా చేసిన గాలికి పిట్ట పేరే పెట్టడం ఎవరూ కావాలని చేసింది కాదు, వరుసలో దాని వంతు వచ్చింది, అంతే.

మర్నాడు పొద్దున పెరట్లోకి వస్తే ఆకాశం మరీ పెద్దదిగా కనిపించింది. బాదం చెట్టు ప్రహరీ మీద పడి గోడను కూడా తీసుకుపోయింది. మునగ సరేసరి, అది మామూలు గాలికే విరిగే చెట్టు. నడుము ఎత్తున మొండెం మిగిలింది. పారిజాతం ఉన్నచోట గొయ్యి ఉంది. ఎక్కడో నిలబడ్డ చెట్ల ఆకులు కూడా ఉప్పుగాలికి మాడి, వేయించినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. కైలాసగిరి పచ్చదనం పోయి మట్టిదిబ్బలా కనిపించింది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, తెల్లవారిందని చెప్పడానికి ఒక్క పిట్ట కూయలేదు. కాకులు మాత్రం రోడ్డు మీద పడిన కరెంటు తీగల పక్కన నేల మీద నడుస్తున్నాయి, ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నవాళ్ళలా.

కరెంటు లేదు, కరెంటు లేక మోటార్లు లేవు, మోటార్లు లేక ఎవరి ఇంట్లోనూ నీళ్ళు లేవు. మా పెరట్లో గిలక నుయ్యి ఉంది. అది కూడా మడి నుయ్యే, పైవాళ్ళ చేద అందులో పడిందే లేదు. మూడో రోజు పొద్దున వీధిలో పిల్లవాడెవరో నీళ్ళకని ఏడుస్తుంటే విని, "గేటు తీసి పెట్టమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. పది రోజులు వీధి వీధంతా మా నూతి దగ్గరే ఉంది. ఇది చదివి ఆవిడ మారిపోయారని అనుకునేరు. కరెంటు వచ్చిన మర్నాడే మనుషులను పెట్టి నీళ్ళన్నీ తోడించి, పసుపూ కుంకుమా వేసి, గేటుకు మళ్ళీ గొళ్ళెం పెట్టించారు.

తుపాను రాత్రి ఆవిడ ఒక మొక్కు మొక్కుకున్నారట. ఇల్లు నిలిస్తే వచ్చే కార్తికానికి లక్షవత్తులు వెలిగిస్తానని. సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెట్టారు. పొద్దున వంటయ్యాక వెనక వసారాలో గోడకు చేరగిలబడి, ఒళ్ళో చాట, చాటలో గింజ తీసిన దూది, పక్కన చిన్న గిన్నెలో విబూది. వేళ్ళకు విబూది అద్దుకోవడం, దూది కొస లాగడం, బొటనవేలితో ఒక్క తిప్పు. వత్తి అయిపోయేది. నూరేసి లెక్కపెట్టి ఎర్రదారంతో కట్ట కట్టేవారు. కట్టలను పాత పాలడబ్బాల్లో వేసి, ఏ డబ్బాలో ఎన్ని కట్టలో క్యాలెండరు వెనక రాసేవారు. బ్యాంకులో పనిచేసిన నాకన్నా ఆవిడ లెక్కలు గట్టివి.

శివరాత్రి వెళ్ళిన వారం పది రోజులకు అనుకుంటాను. ఉగాది దగ్గర పడుతోందని బూజులు దులుపుతున్నాను. దండెం తాడు చివర, కొక్కెం దగ్గర ముడి వేయగా మిగిలిన జానెడు కొస ఒకటి వేలాడుతూ ఉంటుంది. దానికి బూడిదరంగు పీచులా ఏదో పట్టుకుని ఉంది.

"అత్తయ్యా, మీ దండేనికి బూజు పట్టింది" అన్నాను. పంతొమ్మిదేళ్ళకు దొరికిన అవకాశం, గొంతులో కాస్త సంతోషం ఉండే ఉంటుంది.

"నా దండేనికా?" ఆవిడ చాట పక్కన పెట్టి కళ్ళజోడు వెతుక్కున్నారు. పెట్టుకుని తలెత్తేలోపు గ్రిల్లు సందులోంచి బొటనవేలంత పిట్ట ఒకటి దూరి వచ్చి ఆ బూజును పట్టుకుని తలకిందులుగా వేలాడింది. దాని ముక్కులో ఇంకాస్త బూజు. ఉన్న బూజుకు తెచ్చిన బూజును చుట్టి, తల అటూ ఇటూ తిప్పి అతికించి, వచ్చిన దారినే పోయింది. అంతా కలిపి రెండు మూడు రెప్పపాట్లు.

నా చేతిలో బూజు కర్ర అలాగే ఉంది. "ఆ కర్ర కింద పెట్టు" అన్నారు.

మా అబ్బాయి అప్పుడు పదో తరగతి. బడి నుంచి వచ్చి చూసి హమ్మింగ్ బర్డ్ అన్నాడు. మర్నాడు తనే దిద్దుకున్నాడు. హమ్మింగ్ బర్డులు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవట, ఇది మన తేనెపిట్ట. మన వైపు ఇళ్ళ చుట్టూ తిరిగే రకం. పొడవు పది సెంటీమీటర్లు ఉంటే గొప్ప, బరువు ఇంచుమించు పది రూపాయల బిళ్ళంత. ఆడది సాదా పసుపు పొట్ట, మట్టిరంగు వీపు. మగది మాత్రం పెళ్ళికి వచ్చినట్టుంటుంది. నెత్తిన ఆకుపచ్చ మెరుపు, ముదురెరుపు వీపు, ఎండలో మెడ తిప్పినప్పుడల్లా రంగు మారే ఊదా గొంతు, అచ్చం నెమలికంఠం రంగు పట్టుచీరలా. గూడు కట్టినన్నాళ్ళూ ఆడపిట్టే కట్టింది. మగది గ్రిల్లు మీద కూర్చుని కూతలు కూస్తూ, అప్పుడప్పుడు వచ్చి పని ఎంతవరకు వచ్చిందో చూసి పోయేది. స్టీల్ ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడక కుర్చీలో పేపరు చదువుతున్న మావారి వైపు అత్తయ్యగారు ఒకసారి చూశారు, మగపిట్ట వైపు ఒకసారి చూశారు. పైకి ఏమీ అనలేదు.

మా మునగ బతికి ఉంటే ఆ పిట్ట మా తాడు మొహం చూసేది కాదని అప్పట్లో అనుకునేవాళ్ళం. చెట్లు నిండా ఉన్నచోట కూడా తేనెపిట్టలు ఇళ్ళ వసారాల్లో, తీగలకు, దీపం హోల్డర్లకు గూళ్ళు కడతాయని తర్వాత తెలిసింది. దాని లెక్క దానికుంది. గ్రిల్లు సందులో తేనెపిట్ట పడుతుంది, కాకి పట్టదు. వేలాడే తాడు కొసకు పిల్లి చేరలేదు. పైగా విరిగిన మునగ మొండెం సంక్రాంతి నాటికే గుబురుగా చిగిర్చి, శివరాత్రికి రెండు మూడు రెమ్మలు పూత కూడా వేసింది. తేనెపిట్టకు మునగపువ్వు తరవాతే ఏదైనా.

మొదటి రెండు రోజులు అత్తయ్యగారు తాడు రెండో చివర చీర ఆరేయబోయారు. కర్ర లేవగానే పిట్ట పారిపోయేది. గంటకు గానీ వచ్చేది కాదు. మూడో రోజు పొద్దున తడి చీర భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని తాడు కింద చాలాసేపు నిలబడ్డారు. తర్వాత కర్రను మూల పెట్టి, "వడ్రంగిని పిలిపించమ్మాయ్, దేవుడి గదిలో రెండు మేకులు కొట్టించాలి" అన్నారు. ఆ చిన్న గదిలో, కిటికీ లేనిచోట, పురికొస మీద ఆవిడ చీరలు ఒక పట్టాన ఆరేవి కావు. అసలే విశాఖ ఉక్కపోత. రోజూ ఒకరకం చెమ్మ వాసనతో ఉన్న చీర కట్టుకునే వంట చేశారు.

బూజు దులపడం ఇంటిల్లిపాదికీ నిషిద్ధమైంది. పిట్ట సాలెగూళ్ళతోనే గూడు కుడుతుంది కదా, అన్నీ దులిపేస్తే పాపం ఎక్కడికి పోతుందని. ఆ ఏడు ఉగాది మార్చి 21న వచ్చింది. మా ఆడపడుచు ఉగాది పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి, నాలుగు మూలలా వేలాడుతున్న బూజు చూసి నా వైపు చూసింది. నేను అత్తయ్యగారి వైపు చూశాను.

"పెంచుతున్నామే" అన్నారావిడ, పచ్చట్లో వేపపువ్వు ఏరుకుంటూ.

గూడు తయారయ్యాక స్టూలు ఎక్కి చూశాను, తాకలేదు. సంచిలా, కింద లావుగా పైన సన్నగా, జానెడు పొడవు. పైభాగాన పక్కనుంచి గుమ్మం, గుమ్మం మీదికి వర్షం పడకుండా చిన్న చూరు. బయటి గోడకు ఏవేవో అతికించింది. బెరడు పెళ్ళలు, ఎండిన పూరేకులు, గొంగళిపురుగుల రెట్ట రేణువులు. దూరం నుంచి చూస్తే గాలికి కొట్టుకొచ్చి తాడుకు చిక్కుకున్న చెత్త అనిపించాలి, అనిపించింది కూడా. దగ్గరకు పోతేనే ఒక్కొక్క పెళ్ళనూ నాలుగు సాలెపోగులు పట్టుకుని ఉండటం కనిపించింది. గుమ్మం అంచు మాత్రం పోగు పైన పోగు తిప్పి, మా అమ్మ అల్లిన క్రోషియా అంచులా నున్నగా ఉంది. లోపల తెల్లగా మెత్తగా పరుపు. రోడ్డవతల ఖాళీ జాగాలోని జిల్లేడు కాయలు అప్పుడే పగులుతున్నాయి, ఆ దూది అనుకున్నాను.

అనుకున్నాను గానీ మరుసటి వారమే పిట్ట అత్తయ్యగారి చాట మీద వాలడం కళ్ళారా చూశాను. ఆవిడ కునికిపాట్లు పడుతున్నారు, చేతిలో సగం తిప్పిన వత్తి ఉంది. పిట్ట చాట అంచున వాలి, తల పక్కకు వంచి, దూదిలోంచి ఒక కొస పట్టుకుని లాగింది. ఎంత లాగినా రాదు. దూది కదా, సాగుతూనే ఉంటుంది. వెనక్కి వెనక్కి గెంతుతూ చాట కొసదాకా వెళ్ళి, జారి, రెక్కలు కొట్టుకుని, పట్టు మాత్రం వదలకుండా తెంపుకుని పోయింది. అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే, "ఎంత తీసుకుంది?" అన్నారు. ఆనాటి నుంచి చాట పక్కన దూది ఉండ ఒకటి వేరుగా పెట్టడం మొదలైంది. లెక్కలో లేనిదన్నమాట. తన చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు పల్లెలో కొత్త వరి కంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేవారని, ఒక్కొక్క ఇంటి కుచ్చు ఒక్కో తీరుగా ఉండేదని చెప్పారు. మా అబ్బాయి పిచ్చుకను పెరట్లో చూసిన గుర్తు లేదన్నాడు. నాకు గుర్తుంది. కానీ ఆఖరుసారి ఎప్పుడు చూశానో ఎంత ఆలోచించినా తట్టలేదు.

అలా దూది పోతూ ఉండగానే ఒకరోజు కట్టల లెక్క తేడా వచ్చింది. విప్పిన కట్టలో వత్తులు పద్నాలుగు తక్కువ. పిట్ట వత్తులు తీయదు, దానికి వేరే దూది పెట్టాం కదా అని ఆవిడ వాదన. ఇంట్లో ఇక మిగిలింది నేనూ పనమ్మాయీ. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత ఏమనుకున్నారో, కూర్చుని పద్నాలుగూ మళ్ళీ చేసుకున్నారు.

గుడ్లు రెండు. మా అబ్బాయి చిన్న అద్దాన్ని కర్రకు కట్టి గుమ్మంలోకి చూశాడు, నానమ్మ చేత చీవాట్లు తిన్నాడు. పొదిగిన పదిహేను రోజులూ మాకు గుమ్మంలోంచి వంకర ముక్కు ఒకటి కనిపించేది. మేము నడుస్తుంటే ఆ ముక్కు మా వెంట తిరిగేది. అంతే. ఆ రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. ఏమీ జరగకపోవడమే మాకు కావలసింది.

శ్రీరామనవమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా పిల్లలు వచ్చాయి. ఇక తల్లీతండ్రీ ఇద్దరికీ నడుం వాల్చే తీరిక లేదు. పరీక్షల మధ్య సెలవు రోజున మా అబ్బాయి గడియారం ముందు పెట్టుకుని కూర్చుని, ఒక్క గంటలో ఇరవై రెండు సార్లు తిండి వచ్చిందని లెక్క తేల్చాడు. లెక్కల పరీక్షకు చదివే పద్ధతి అది. తిండి తేనె కాదు. సాలీళ్ళు, చిన్నచిన్న పురుగులు, సన్నటి గొంగళిపురుగులు. రెక్క రావాలంటే పిల్లలకు మాంసమే కావాలట. ఈ సంగతి వాడు ప్రకటించినప్పుడు వసారాలో కాసేపు నిశ్శబ్దం. మడి దండెం మీద మాంసాహారం.

"ఏమిటో, దాని ధర్మం దానిది" అన్నారు అత్తయ్యగారు. రెండు రోజులు పోయాక ఆవిడే ఇంకొకటి కనిపెట్టారు. పిల్లల రెట్టను తల్లి గూట్లో ఉండనివ్వడం లేదు. తెల్లని చిన్న మూటలా ముక్కున కరచుకుని వెళ్ళి దూరంగా పారేసి వస్తోంది. ప్రతిసారీ. "చూశావా, మన ఇళ్ళల్లో కూడా లేదు ఇంత శుభ్రం" అని నన్ను పిలిచి చూపించారు. ఆ 'మన ఇళ్ళు' అన్నది ఎవరి ఇల్లో నేను అడగలేదు.

ఏప్రిల్ రెండో వారం మొదట్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. తుపాను తర్వాత విశాఖలో అందరికీ గాలి అంటే ఒక రకం వణుకు. ఆకు కదిలితే కిటికీలు మూసేవాళ్ళం. ఆ రోజు కూడా ముందు గదుల కిటికీలు మూస్తూ ఉండిపోయాను. వెనక్కి వచ్చేసరికి గూడు ఒక పక్కకు ఒరిగి, తాడును పట్టుకున్న పోగుల్లో సగం తెగి వేలాడుతోంది. కింద గచ్చు మీద, తడిలో, ఒక పిల్ల.

రెక్కల కొసలకు ఈకల గొట్టాలు ఇంకా విచ్చుకోలేదు. వీపు మీద చర్మం కనిపిస్తోంది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. నోటి అంచులు పసుపుపచ్చగా, బొమ్మకు అతికించిన రంగు కాగితంలా.

నేను వంగేలోపే వంటింట్లోంచి కేక వచ్చింది. "ముట్టుకోకు! మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు."

మా అబ్బాయి పుస్తకం మూసి లేచాడు. "అదంతా వట్టిదే నానమ్మా. పక్షులు అలాంటివి పట్టించుకోవు. పిల్లను మనం గూట్లో పెట్టినా తల్లి మామూలుగానే తిండి పెడుతుంది."

"పట్టించుకోదా?"

"పట్టించుకోదు."

ఆవిడ గడప మీద నిలబడ్డారు. రాత్రి వంటకు మడి కట్టుకుని ఉన్నారు, కొంగు నడుముకు దోపుకుని ఉంది. వాడి వైపు కాదు, పిల్ల వైపే చూస్తున్నారు. ఆ 'పట్టించుకోదు' అన్న మాటను నమ్మాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టు నాకు అనిపించింది. తర్వాత వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులకు ఆవిడ కింద కూర్చోవడం మానేసి అయిదేళ్ళయింది. వత్తులు కూడా పీట మీద కూర్చునే చేసేవారు. రెండు అరచేతులూ గచ్చుకు ఆనించి, వాటి మధ్యలోకి పిల్లను తోసుకుని ఎత్తారు.

"బరువే లేదే" అన్నారు.

నేను స్టూలు ఎక్కాను. తాడు పట్టుకోకుండా గూడు నిలబెట్టడం కుదరదు. ఆగి ఆవిడ వైపు చూశాను.

"పట్టుకో. నీళ్ళు కారుతున్నాయి దానికి, పట్టుకో."

పంతొమ్మిదేళ్ళ తర్వాత రెండోసారి ఆ తాడు ముట్టుకున్నాను. ఎండకు పీచు లేచి గరుకుగా ఉంది. మావారు మడి చీరల పెట్టెలోంచి పాత నూలుచీర ఒకటి తీసుకొచ్చారు, అమ్మ అనుమతి అడగకుండా. అంచు పక్కన రెండు వేళ్ళ వెడల్పున చింపి, గూడు కింద నుంచి ఉట్టిలా చుట్టి, పైన తాడుకు రెండు ముడులు వేశాం. గుమ్మం మూసుకుపోకుండా, చూరు నలగకుండా. లోపల రెండో పిల్ల నా వేలు తగలగానే తిండి వచ్చిందనుకుని నోరు తెరిచింది. కింద నుంచి అత్తయ్యగారు చేతులు పైకెత్తి పట్టుకున్నారు. ఆవిడ చేతుల్లోంచి నా చేతిలోకి పిల్లను తీసుకున్నప్పుడు మా వేళ్ళు ఒకదానికొకటి తగిలాయి. ఆవిడ మడిలో ఉండగా అది మొదటిసారి. ఆవిడ పట్టించుకున్నట్టు లేదు. నేను పట్టించుకున్నాను.

వసారాలో దీపం వేయలేదు. నలుగురం వంటింటి గడప వెనక కూర్చున్నాం. మగపిట్ట ముందు వచ్చింది. గ్రిల్లు మీద వాలి ఆ తెల్లగుడ్డ ముక్కను చూసి అరిచి పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. మసక పడుతుండగా ఆడది వచ్చి, అరవకుండా, అటూ ఇటూ చూడకుండా, నేరుగా గుమ్మానికి వేలాడి తల లోపల పెట్టింది. లోపల కిచకిచలు ఒకటి కాదు, రెండు. అత్తయ్యగారు గట్టిగా ఊపిరి వదిలి, లేవడానికి నా భుజం పట్టుకున్నారు.

రాత్రి ఎనిమిదింటికి నూతి దగ్గర చెంబు చప్పుడైతే వెళ్ళి చూశాను. తలస్నానం చేస్తున్నారు. "ఉక్కగా ఉంది" అన్నారు. వాన పడి చల్లగా ఉంది అసలు.

మరో వారానికి పిల్లలు ఎగిరిపోయాయి. ఒకటి పొద్దున, ఇంకొకటి మధ్యాహ్నం. మేము చూసింది రెండోదాన్నే. మునగ మొండెం దాకా వెళ్ళి అక్కడ చిగుళ్ళలో కూర్చుని, రాత్రి దాకా తండ్రి చేత తిండి పెట్టించుకుంది. ఏప్రిల్ 21న అక్షయ తృతీయ, సింహాచలంలో చందనోత్సవం. అప్పన్న నిజరూపం చూడటానికి ప్రతి ఏడూ వెళ్ళినట్టే అత్తయ్యగారు తెల్లవారకముందే క్యూలో నిలబడి వచ్చారు. ప్రసాదం పంచుతూ, "ఈ ఏడు రెండు దర్శనాలు" అని ఊరుకున్నారు.

దండెం మాత్రం ఆవిడ మళ్ళీ వాడలేదు. మళ్ళీ వస్తాయేమో, పాత గూడులోనే పెడతాయేమో అన్నారు. కార్తికంలో లక్షవత్తులు వెలిగించారు. 2016లో ఒక ఆడతేనెపిట్ట వచ్చింది నిజమే, అదో కాదో తెలియదు. రెండు రోజులు పాత గూటిని నాలుగు వైపుల నుంచీ చూసి, దాని లోపలి దూది లాక్కుపోయి పక్కింటి కాలింగ్ బెల్లు తీగకు కొత్త గూడు కట్టుకుంది. పక్కింటివాళ్ళు నెల రోజులు తలుపు కొట్టించుకున్నారు. అప్పుడు అత్తయ్యగారు మూలనున్న వెదురు కర్ర తీసి, చీరంచు ఉట్టితో సహా గూటిని ఒడుపుగా దింపి, హార్లిక్స్ సీసాలో పెట్టి మూత బిగించారు. విప్పవద్దని నాకు చెప్పారు.

ఆవిడ 2019లో పోయారు. ఆ ఇల్లు 2022లో పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, మేము అక్కడే నాలుగో అంతస్తులో ఉంటున్నాం. బాల్కనీలో బట్టలకు గిలకలతో పైకి పోయే స్టీలు కడ్డీలున్నాయి, ఎవరి బట్టలైనా వేయవచ్చు. సామాను సర్దుతుంటే ఆ సీసా కనిపించింది. చెప్పిన మాట దాటి విప్పాను. పైపెంకు పట్టుకోగానే పొడి అయిపోయింది. లోపల జిల్లేడు దూది లేదు, ఉన్న కాస్తా మన దూదే. దాని కింద, గిన్నెలా చుట్టుకుని, వత్తులు. విబూది అంటిన చోట ఇంకా బూడిదరంగుగా ఉన్నాయి. విడదీసి బల్ల మీద పరిచి లెక్కపెట్టాను. తొమ్మిది.

మిగతా అయిదూ నేను తీసినవే. ఒక సాయంత్రం దీపం వేళ దాటిపోతుంటే ఇంట్లో వత్తులు కనబడక, చేతికందిన డబ్బా తెరిచి కట్టలోంచి లాగాను. అప్పుడు చెప్పలేదు.